పరీక్ష అట్టతో రైలుకట్ట

వంపు అనగానే నాకు ముందు గుర్తొచ్చేది నైలాను దారం. కొత్తవలస–కిరండూల్ లైనులో పీడబ్ల్యూఐగా, అంటే పట్టాల బాగోగులు చూసే ఇన్‌స్పెక్టరుగా ఉన్న రోజుల్లో, అనంతగిరి కొండల మీద తెల్లవారుతూనే ముగ్గురు గ్యాంగ్‌మెన్‌ని వెంటబెట్టుకుని బయల్దేరేవాణ్ణి. వంపులో బయటి పట్టాకి లోపలి ముఖం మీద, సరిగ్గా 20 మీటర్ల ఎడంలో ఇద్దరు దారం కొసలు అదిమి పట్టుకునేవారు. మూడోవాడు నడిమధ్య స్కేలు పెట్టి, దారానికీ పట్టాకీ మధ్య ఖాళీ ఎంతుందో అరిచి చెప్పేవాడు. నేను రాసుకునేవాణ్ణి. పది మీటర్లు జరిగి మళ్ళీ అదే పని. ఆ ఖాళీని మేం వర్సైన్ అంటాం. వంపు ఎంత ఘాటో మేం డిగ్రీల్లో చెబుతాం. ఒక డిగ్రీ వంపులో వర్సైన్ 28.6 మిల్లీమీటర్లు, రెండు డిగ్రీలైతే దానికి రెట్టింపు. అంకెలు వరసగా ఒకేలా వస్తే వంపు ఆరోగ్యంగా ఉన్నట్టు. ఒకచోట 60, పక్కన 48, ఆ పక్కన 71 వచ్చాయంటే అక్కడ పెట్టె ఊగుతుంది, పై బెర్తులో పడుకున్నవాడికి మెలకువ వస్తుంది, ఆ పాపం నాకు తగులుతుంది.

రిటైరయ్యాక ఆ దారం జోలికి వెళ్ళే పని పడదనుకున్నాను. మా అబ్బాయి దగ్గరికి న్యూజెర్సీ వెళ్ళిన ఆర్నెల్లలో మళ్ళీ పట్టుకున్నాను. అదీ పక్కింటాయన నేలమాళిగలో.

ఆయన హైస్కూల్లో పిల్లలకి చెక్కపని నేర్పి రిటైరయిన మనిషి. నేను మనసులో మాస్టారూ అనే పిలుచుకునేవాణ్ణి, ఇక్కడా అలాగే రాస్తాను. ఇంటి కింద పొడుగాటి గదిలో పెన్సిల్వేనియా రైల్‌రోడ్ కొండదారిని హెచ్‌వో స్కేలులో కడుతున్నాడు. అంటే అసలులో 87వ వంతు. పట్టాల మధ్య ఎడం 16.5 మిల్లీమీటర్లు, మన చిటికెన వేలి వెడల్పు కంటే కాస్త ఎక్కువ. ఆయన కడుతున్నది అల్టూనా ఊరి పక్కనున్న హార్స్‌షూ కర్వు. 1854 ఫిబ్రవరిలో తెరిచారు దాన్ని. అలిగేనీ కొండ ఎక్కడానికి రైలు లోయ చుట్టూ గుర్రపు లాడంలా తిరిగి వస్తుంది. పొడవు 2,375 అడుగులు. తిరిగే కోణం 220 డిగ్రీలు, అంటే అర్ధచక్రం దాటి మరో 40 డిగ్రీలు. మా డిగ్రీల లెక్కలో అది తొమ్మిది డిగ్రీల పైచిలుకు వంపు. మన బ్రాడ్‌గేజి మీద పదికి మించి అనుమతి లేదు కనుక, అదెంత ఘాటు వంపో పాఠకులే ఊహించుకోవచ్చు.

దాన్ని యథాతథంగా 87వ వంతుకి దించినా వ్యాసార్ధం రెండు మీటర్లు దాటుతుంది. అంత చోటు ఏ ఇంటి నేలమాళిగలోనూ ఉండదు. మాస్టారు 36 అంగుళాలకు కుదించాడు. బొమ్మ రైళ్ళ లోకంలో అది దొడ్డ వంపే, 18 అంగుళాలతో సరిపెట్టుకునేవాళ్ళు ఎందరో ఉన్నారు. కానీ అసలు కొలతకి పెంచి చూస్తే అది 80 మీటర్లు, మా లెక్కలో 22 డిగ్రీలు. అలాంటి వంపు డ్రాయింగు తీసుకెళ్ళి మా ఇంజనీరు ముందు పెడితే నన్ను ముందు డాక్టరు దగ్గరికి పంపేవాడు.

ఇబ్బంది వ్యాసార్ధంతోనే పోదు. తిన్నని దారి ఒక్కసారిగా వంపు అయ్యే చోట అసలు చిక్కు ఉంది. అక్కడ ముప్ఫై సెంటీమీటర్ల పొడవున్న ప్రయాణికుల పెట్టె ముందు చక్రాలు వంపులోకి దిగుతాయి, వెనక పెట్టె ఇంకా తిన్నగానే వస్తుంటుంది. రెండు పెట్టెల కొసలు పక్కకి తప్పుకుని కప్లింగ్ మెలిపడుతుంది. పెద్ద రైలులో అయితే ఇంజను కుదుపు, పట్టా అరుగుడు, ఫ్లాంజి కీచుమని అరవడం. దీనికి మందు ట్రాన్సిషన్ కర్వు, అంటే తిన్నదనం నుంచి వంపులోకి కొంచెం కొంచెంగా దించే సంధి. మన రైల్వేలో దానికి క్యూబిక్ పారబోలా వాడతాం. పట్టికలు, పెగ్గులు, థియోడలైట్, ఒక వారం పని.

మాస్టారి దగ్గర థియోడలైట్ లేదు. పరీక్ష అట్టలు ఉన్నాయి.

ఈ మాట నవ్వులాటకి అనలేదు. మన పిల్లలు పరీక్ష హాలుకి పట్టుకెళ్ళే గోధుమరంగు అట్ట ఉంటుందే, ఒక పక్క నున్నగా, ఒక పక్క గరుకుగా, పైన క్లిప్పు. ఆ సరుకే. హార్డ్‌బోర్డు. దాన్ని 1924లో మిసిసిపీలోని లారెల్ అనే ఊళ్ళో విలియం మేసన్ కనిపెట్టాడు. రంపపు మిల్లుల్లో పారేసే చెక్కపేళ్ళని ఆవిరి ఒత్తిడితో పీచుగా పేల్చి, వేడిగా అదిమితే తయారైంది. అమెరికాలో ఇప్పటికీ ఆయన పేరుతోనే మేసొనైట్ అంటారు. మాస్టారు ఎనిమిది అడుగుల పలకని టేబుల్ రంపం మీద నిలువునా చీల్చి, అంగుళంన్నర వెడల్పు బద్దలు తీశాడు. మందం అంగుళంలో ఎనిమిదో వంతు, మన వడ్రంగుల మాటలో ఒక నూలు.

ఆ బద్దల్ని పడుకోబెట్టడు. అంచు మీద నిలబెడతాడు. ఆయన విద్య అంతా ఈ ఒక్క నిర్ణయంలో ఉంది. నిలబెట్టిన బద్ద పక్కలకి వేలితో తోస్తే వంగుతుంది, కిందికి మాత్రం వంగనంటుంది. లెక్క వేస్తే ఈ కొలతల బద్ద ఆ రెండు దిక్కుల్లో చూపే మొండితనానికి దాదాపు 140 రెట్ల తేడా. అంటే దారి ఎటు తిప్పినా తిరుగుతుంది, పెట్టె బరువుకి మాత్రం కుంగదు. రైలుకట్టకి కావలసిన గుణాలు సరిగ్గా ఇవే.

సంధి సంగతి చెప్పాలంటే గాలిపటం దగ్గరికి రావాలి. సంక్రాంతి పటానికి కట్టే కమాను పుల్లని ఎప్పుడైనా తీరిగ్గా చూశారా? రెండు కొసల్నీ దారంతో లాగి కట్టిన వెదురు పుల్ల అన్నిచోట్లా ఒకేలా వంగదు. నడుమ బాగా వంగుతుంది, కొసలకి వచ్చేసరికి తిన్నబడిపోతుంది. ఎవరూ చెప్పకుండానే, వంపుకి రెండు వైపులా తిన్నని దారిలోకి నెమ్మదిగా కలిసే సంధి తనే గీసుకుంటుంది. మాస్టారు చేసేదీ అదే. వంపు మొదలయ్యేదాకా ఒక వైపు, తిన్నని దారి మొదలైన దగ్గర్నుంచి ఇంకో వైపు బద్దని మేకులతో బిగిస్తాడు. మధ్యలో రెండడుగుల మేర ఏమీ తగలనివ్వడు. ఆ రెండడుగుల్లో బద్ద తనంతట తాను ఒదిగే దారే సంధి. బలం కొసల నుంచే వస్తోంది కాబట్టి, ఆ ఖాళీ పొడవునా వంపు ఒకే తీరులో క్రమంగా పెరుగుతుంది. చిన్న కోణాల్లో ఆ గీత పేరే క్యూబిక్ పారబోలా. మేం వారం రోజులు పెగ్గులు పాతి సాధించినదాన్ని ఒక అట్టముక్క ఊపిరి పీల్చినంత సేపట్లో గీసింది. కాస్త ఈర్ష్య కలిగిందని ఒప్పుకుంటాను.

ఈ తెలివి రైళ్ళకంటే పాతది. ఓడలు కట్టేవాళ్ళు పక్కటెముకల వంపుల్ని నేల మీద గీయడానికి పొడుగాటి సన్న బద్దని వంచి, అది జారకుండా సీసం దిమ్మలు పెట్టేవారు. ఆ బద్దని స్ప్లైన్ అన్నారు. వంగిన బద్ద ఏ రూపం తీసుకుంటుందో 1744లో ఆయిలర్ లెక్కగట్టాడు. 1946లో షోయెన్‌బర్గ్ అనే గణితజ్ఞుడు ఓడల వాళ్ళ మాటనే తన ఫంక్షన్లకి పెట్టుకున్నాడు. బొమ్మ రైళ్ళ వాళ్ళూ ఈ రకం కట్టని స్ప్లైన్ అనే పిలుస్తారు.

ఒకచోట మాత్రం కొలత చేతికి రావాలి. సంధి పట్టాలంటే తిన్నని దారిని వంపు అంచుకి తగిలేలా కాక, కాస్త బయటికి జరిపి పెట్టుకోవాలి. లేకపోతే బద్దకి ఒదగడానికి చోటు చాలదు. మేం దీన్ని షిఫ్ట్ అంటాం. సంధి పొడవుని దానితోనే గుణించి, వ్యాసార్ధానికి 24 రెట్లతో భాగిస్తే వస్తుంది. 600 మిల్లీమీటర్ల సంధికి, 914 వ్యాసార్ధానికి నాకు 16.4 వచ్చింది. మాస్టారు ఎంత జరిపాడో కొలిచాను. ఐదు నూళ్ళు. అంటే 15.9 మిల్లీమీటర్లు. ఎక్కడ నేర్చుకున్నావని అడిగితే భుజాలు ఎగరేసి, అంతకంటే తక్కువైతే బద్ద ఏడుస్తుందన్నాడు.

ఇక కట్టడం. నేల నుంచి నడుమెత్తున చట్రం ముందే నిలబడి ఉంది. రెండు చెక్కల్ని ఇంగ్లీషు ఎల్ అక్షరంలా అతికించిన దూలాలు, వాటి మీద అడ్డకర్రలు, అడ్డకర్రలకి బిగించిన నిలువు ముక్కలు. ఈ పద్ధతిని వాడుకలోకి తెచ్చినవాడు మోడల్ రైల్‌రోడర్ పత్రిక సంపాదకుడు లిన్ వెస్ట్‌కాట్. ఆయన పెట్టిన మంచి నియమం ఒకటుంది. స్క్రూలన్నీ కింద నుంచే బిగించాలి. అలా చేస్తే పైన పట్టాలు పరిచేశాక కూడా, కింద దూరి ఒక ముక్కని జరుపుకోవచ్చు. మాస్టారి చట్రం కింద పాకి చూశాను. ఒక్క స్క్రూ తల కూడా పైవైపు లేదు.

నిలువు ముక్కల నెత్తిన నడిగీతకి ఆనించి మొదటి బద్ద నిలిచింది. దానికి రెండు పక్కలా ఒక్కొక్క బద్దే చేరుతూ వచ్చింది. ఒక వరస జిగురు, ఒక బద్ద, నాలుగు వేళ్ళ ఎడంలో క్లిప్పులు. క్లిప్పులంటే బట్టలారేసుకునే చెక్క క్లిప్పులే, నూట యాభై పైన ఉన్నాయి. జిగురు తక్కువ కాకూడదు, కారకూడదు. బద్ద అంచు పొడవునా సన్నగా, వరసగా పూసలు చెమర్చితే సరిగ్గా పడినట్టు. ఆ పూసల్ని తడిగుడ్డతో వెంటనే తుడిచేస్తాడు. మొత్తం పద్నాలుగు బద్దలు. పద్నాలుగు నూళ్ళు కలిస్తే అంగుళం ముప్పావు, పైన పరిచే కార్కు వెడల్పుకి సరిగ్గా సమానం.

నాలుగో బద్ద దగ్గర నన్నూ చెయ్యి వెయ్యమన్నాడు. నేను ఉత్సాహంగా జిగురు రాసి, బద్ద నిలబెట్టి, క్లిప్పులు తగిలించాను. మాస్టారు గది కొసకి వెళ్ళి, మోకాళ్ళ మీద కూర్చుని, ఒక కన్ను మూసి, చెంప కట్టకి ఆనించి చూశాడు. ఏమీ అనలేదు. లేచి వచ్చి నా క్లిప్పులు ఒక్కొక్కటే తీయడం మొదలుపెట్టాడు. అప్పుడు అర్థమైంది. పక్క బద్దకి అతుకు ఎక్కడ పడిందో నా బద్ద అతుకూ అక్కడే పడింది. గోడ కట్టే మేస్త్రీ ఇటుక అతుకు మీద ఇటుక అతుకు రానివ్వడు. ఆ మాత్రం జ్ఞానం నాకు ఉండాలి. రెండు అతుకులు కలిసినచోట బద్దకి వంగే బలం పోయి, అది తిన్నగా నిలబడుతుంది. వంపులో ఒక చిన్న కోణం పుడుతుంది. కంటికి వెంట్రుకవాసి. రైలుకి ప్రతి చుట్టులోనూ అక్కడే పట్టా దిగే వంక. మాస్టారు నా బద్దని జిగురు ఆరకముందే ఊడదీసి, అడుగున్నర కత్తిరించి, అతుకు జరిగేలా మళ్ళీ పెట్టాడు. మిగిలిన ముక్కతో నాకు కాఫీ కప్పు కింద పెట్టుకోవడానికి ఓ పలక చేసిచ్చాడు.

జిగురు ఆరేసరికి ఆ కట్ట మరో వస్తువైపోతుంది. పద్నాలుగు బద్దల్ని ఊరికే పక్కపక్కన పెడితే ఒక్క బద్దకి పద్నాలుగు రెట్లు బిగువు. అతికితే పద్నాలుగుని మూడుసార్లు గుణించినంత, అంటే 2,744 రెట్లు. నిన్న చిటికెన వేలికి లొంగినది ఇవాళ మనిషి ఒరిగినా కదలదు. వేలితో తడితే చప్పుడే మారిపోయింది.

ఎక్కుడు సంగతీ ఇందులోనే ఉంది. అసలు హార్స్‌షూ వంపు నూటికి రెండడుగుల కంటే కాస్త తక్కువగా ఎక్కుతుంది. మాస్టారి వంపు మొదటి నుంచి చివరికి ఆరు సెంటీమీటర్ల పైచిలుకు ఎత్తు పెరగాలి. నిలబడిన బద్ద కిందికి వంగనంటుంది కనుక, మధ్యలో ఎత్తుపల్లాలు రావు. కానీ ఎక్కుడు మొదలయ్యే చోట ఆ మొండితనమే ఇబ్బంది పెడుతుంది. ప్లైవుడ్ పలకని దారి ఆకారంలో కోసి పైకి లేపే మరో పద్ధతి ఉంది. అక్కడ పలక పడుకుని ఉంటుంది కాబట్టి ఎక్కుడు దానంతటదే నునుపుగా వస్తుంది, వంపు మాత్రం రంపం పట్టినవాడి చెయ్యిని బట్టి ఉంటుంది. స్ప్లైన్ దీనికి తిరగేసి. మాస్టారు ఎక్కుడు మొదలయ్యే మూడడుగుల్లో చిత్రిక పట్టి ఆ నునుపు తెచ్చాడు. రెండు రోజులు పట్టింది. హార్డ్‌బోర్డు చెక్కపొడి మైదాపిండిలా గదంతా లేచి, పై అంతస్తులో వాళ్ళావిడ సోఫా దాకా వెళ్ళింది. ఆ రెండు రోజులూ నేను మా ఇంట్లోనే ఉన్నాను.

కట్ట పూర్తయిన మధ్యాహ్నం ఆగలేక దారం తెప్పించాను. బొత్తాలు కుట్టుకునే దారం. 20 మీటర్ల బదులు 30 సెంటీమీటర్లు. మాస్టారు ఒక కొస, వాళ్ళ మనవరాలు ఒక కొస పట్టుకున్నారు, నేను మధ్యన స్టీలు స్కేలు పెట్టి చదివాను. 15 సెంటీమీటర్లకి ఒకసారి. తిన్నని దారిలో సున్నా. సంధి మొదట్లో అర మిల్లీమీటరు. తర్వాత 3, 6, 9. ఆ తర్వాత 12, 12, 12, వంపు చివరిదాకా 12 మీద వెంట్రుకవాసి. నా సర్వీసులో ఇంత శుభ్రమైన వర్సైన్ రిజిస్టరు నేను రాయలేదు. ఆ కాగితం మీద సంతకం పెట్టి, తేదీ వేసి ఇచ్చాను. ఆయన దాన్ని కట్ట అడుగున అంటించాడు.

అడుగున అంటించాడంటే గుర్తొచ్చింది. కట్ట అడుగు భాగం ఎవరికీ కనబడదు. కింద తలపెట్టి చూస్తే తప్ప. అక్కడ కూడా జిగురు మరక లేదు, అంచులు ఉప్పుకాగితంతో రుద్ది ఉన్నాయి, పైగా పెయింటు. పెయింటు అందం కోసం వేయలేదు. న్యూజెర్సీలో ఎండాకాలం నేలమాళిగ చెమ్మతో బరువెక్కుతుంది, చలికాలం హీటరుకి ఎండిపోతుంది. మన దగ్గర మే నెలలో పట్టా పొంగి పక్కకి తన్నుతుందని గస్తీ తిరుగుతాం. అక్కడ పట్టా మంచిదే, చెక్క పొంగుతుంది. అందుకని నాలుగు వైపులా పెయింటు కొట్టి చెమ్మ దూరకుండా చేశాడు.

పైన కార్కు. దీని తయారీ కూడా ముచ్చటైనది. ఐదు మిల్లీమీటర్ల మందమున్న కార్కు పట్టీ నడుమ ఏటవాలుగా గాటు ఉంటుంది. చీలిస్తే రెండు ముక్కలవుతాయి. వాటిని తిప్పి, నిటారు అంచులు నడిగీత దగ్గర కలిసేలా పెడితే, ఏటవాలు అంచులు బయటికి వచ్చి కంకర జారే వాలు తయారవుతుంది. సగం వెడల్పే కాబట్టి వంపులో తేలిగ్గా తిరుగుతుంది. రెండు ముక్కలు కలిసిన గీతే పట్టాలకి నడిగీత. యార్డు భాగానికి మాత్రం కార్కు బదులు హోమసోట్ వాడాడు. పాత కాగితాల గుజ్జుతో చేసే మెత్తటి పలక అది. దాన్ని తయారుచేసే కంపెనీ అదే రాష్ట్రంలో, వెస్ట్ ట్రెంటన్‌లో 1909 నుంచీ ఉంది.

ఒక్క విషయంలో మాకు పేచీ. వంపులో బయటి పట్టాని ఎత్తుగా పెట్టడాన్ని మేం కేంట్ అంటాం, బ్రాడ్‌గేజి మీద 165 మిల్లీమీటర్ల దాకా ఇస్తాం. బొమ్మ రైలుకి ఆ అవసరం లేదు. ఆ వేగానికి బయటికి తోసే బలం లెక్కలోకి రాదు. పైగా పొడుగాటి రైలుని లాగినప్పుడు తేలిక పెట్టెలు తాడు లాగినట్టు లోపలికి పడిపోతాయి. నేను వద్దన్నాను. మాస్టారు కార్కు కింద విజిటింగ్ కార్డు మందం అట్టపీలికలు పెట్టి, అర మిల్లీమీటరు ఎత్తు ఇచ్చాడు. రైలు వంగి వస్తే చూడ్డానికి బాగుంటుందన్నాడు. రైలు నడిపి చూశాక నాదే తప్పని తేలింది. ఒరిగి వచ్చే ఆ రైలుని చూస్తే బొర్రా గుహలు దాటాక కిటికీలోంచి మన ఇంజను మనకే కనబడే మలుపు గుర్తొచ్చింది. కొండలు మాత్రం, నిజం చెప్పాలంటే, నాకు నచ్చలేదు. చెట్లన్నీ ఒకే ఎత్తు. చెక్క తెలిసినంతగా ఆయనకి ఆకు తెలియదు.

చివరి వారం పట్టాలు పరిచాడు. మెత్తగా వంగే మూడడుగుల ముక్కలు, ఒక్కోటి 914 మిల్లీమీటర్లు. వంచినప్పుడు లోపలి పట్టా స్లీపర్లలో జారి బయటికి పొడుచుకొస్తుంది, దాన్ని కత్తిరించాలి. వంపు వ్యాసార్ధమూ 914 మిల్లీమీటర్లే కాబట్టి, సంధి దాటి పూర్తి వంపులో పడిన ప్రతి ముక్కా 57 డిగ్రీల పైచిలుకు తిరుగుతుంది, గణితంలో ఒక రేడియన్. అందుకని మిగిలే ముక్క పొడవు పట్టాల మధ్య ఎడంతో సమానం కావాలి. మాస్టారికి ఈ లెక్క చెబితే నమ్మలేదు. కత్తిరించిన ముక్కని తీసి పట్టాల మీద అడ్డంగా పెట్టాను. ఈ పట్టా నడినెత్తి నుంచి ఆ పట్టా నడినెత్తి దాకా వచ్చి ఆగింది.